షికాగో శివార్లలో క్యాడీ పని: మన పిల్లలకు ఏం నేర్పించాలి

షికాగో చుట్టుపక్కల గోల్ఫ్ క్లబ్బులు చలి పూర్తిగా వదలకముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లోనే కొత్త క్యాడీల (ఆటగాడి సంచి మోస్తూ వెంట నడిచి సాయపడేవాళ్ళ) పేర్లు రాసుకుంటాయి. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే వరకు పని జోరుగా ఉంటుంది. బడికి సెలవులిచ్చాక తీరిగ్గా వెళ్ళి అడిగితే శిక్షణ తరగతులు అప్పటికే అయిపోయి ఉంటాయి. చాలా క్లబ్బులు 14 ఏళ్ళు నిండిన పిల్లలను తీసుకుంటాయి. గోల్ఫ్ ఆడటం వచ్చి ఉండాలన్న నియమం లేదు.

నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ వైపు తెలుగు ఇళ్ళలో చాలామందికి ఈ పని సంగతే తెలియదు. తెలిసినవాళ్ళలో కొందరు "మన పిల్లాడు ఇంకొకరి సంచి మోయడమేంటి" అని వెనకాడతారు. ఆ సంకోచానికి కారణం ఉంది. ఇండియాలో క్యాడీ పని పేదింటివాళ్ళు జీవితాంతం చేసే బతుకుతెరువు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడే. ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో మాత్రం ఇది హైస్కూలు పిల్లలు వేసవిలో చేసే పని. వెనక వందేళ్ళకు పైబడిన అలవాటు ఉంది, ఆ అలవాటులోంచి పుట్టిన పెద్ద స్కాలర్‌షిప్ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాం.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు డబ్బు తీసుకుని క్యాడీ పని చేయకూడదు. 2015లో మొదలైన హెచ్-4 ఈఏడీ (పని అనుమతి పత్రం) భార్యకో భర్తకో వర్తిస్తుంది, పిల్లలకు కాదు. ఎల్-1 ఉద్యోగుల కుటుంబానికిచ్చే ఎల్-2 వీసా మీద ఉన్న పిల్లల పరిస్థితీ అంతే. "క్లబ్బు జీతమివ్వదు, ఆటగాడే చేతిలో నగదు పెడతాడు, ఎవరు చూస్తారు" అనే సలహా మన వాట్సాప్ గుంపుల్లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని నమ్మకండి. నగదైనా అది సంపాదనే, అనుమతి లేని పని రేపు గ్రీన్ కార్డు దశలో పిల్లాడి మెడకే చుట్టుకోవచ్చు. పౌరసత్వం గానీ, గ్రీన్ కార్డు గానీ ఉన్న పిల్లలకు ఇబ్బంది లేదు. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగులో ఉండి ఈఏడీ చేతికి వచ్చినవాళ్ళూ చేయవచ్చు. అనుమానం ఉంటే లాయరును అడిగాకే క్లబ్బు గడప తొక్కండి.

శిక్షణలో మొదటి మెట్టు బ్యాగు. నిబంధనల ప్రకారం ఆటగాడి దగ్గర 14 క్లబ్బులకు (బంతి కొట్టే కర్రలనూ క్లబ్బులనే అంటారు) మించి ఉండకూడదు. ఆట మొదలయ్యేముందు వాటిని లెక్కపెట్టడం క్యాడీ చేసే మొదటి పని. ఒకటి ఎక్కువున్నా ఆటగాడికి శిక్ష పడుతుంది. ఒకటి తక్కువుంటే, అది ముందే తెలిసి ఉంటే, చివర్లో "నా వెడ్జ్ క్లబ్బు నువ్వే పోగొట్టావు" అనే మాట రాదు. అదే సమయంలో బంతి ఏ కంపెనీది, దాని మీద అంకె ఎంత, ఆటగాడు పెన్నుతో ఏ గుర్తు పెట్టుకున్నాడు అన్నది చూసుకోవాలి. నలుగురూ ఒకే కంపెనీ బంతితో ఆడటం మామూలే.

నిండు బ్యాగు 25 నుంచి 35 పౌండ్లు తూగుతుంది. కోర్సులోని 18 హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంతలు) నడిస్తే అయిదారు మైళ్ళు, నాలుగు గంటల పైమాటే. దీన్ని ఒక లూప్ అంటారు. పట్టీ పొడవు సరిచేయకుండా భుజానికి వేసుకోవడం కొత్త పిల్లలు చేసే మొదటి పొరపాటు. బ్యాగు కింద అంచు తుంటి దగ్గర ఆనాలి. అంతకంటే కిందికి వేలాడితే అడుగడుగునా తొడకు కొట్టుకుంటుంది, ఆరో హోల్‌కల్లా నడుము పట్టేస్తుంది. బ్యాగును నడుము వెనక కాస్త అడ్డంగా ఉంచి, క్లబ్బుల తలలు ముందుకు వచ్చేలా పట్టుకుని, వాటి మీద చేయి వేసి నడవాలి. ఆ చేయి లేకపోతే ఇనుప క్లబ్బులు గలగలలాడతాయి, అవతల ఎవరో బంతి కొట్టబోతుంటే ఆ చప్పుడే చాలు. రెండు భుజాలకు రెండు బ్యాగులు మోస్తే రాబడి రెట్టింపవుతుంది కాబట్టి పిల్లలు తొందరపడతారు. మొదటి వేసవిలో ఒక్క బ్యాగే మేలు. బరువు ఒక్కటే కాదు, ఇద్దరు ఆటగాళ్ళు ఫెయిర్‌వేకు (పొట్టిగా కోసిన గడ్డి దారికి) చెరో పక్క కొట్టినప్పుడు ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తేల్చుకోవడం కొత్తవాళ్ళకు చేతకాదు.

ఇంతకీ మోత ఈ పనిలో తేలికైన భాగం. క్యాడీకి మంచిపేరు తెచ్చేది చూపు. శిక్షణలో సగానికి పైగా సమయం దీనికే ఇవ్వాలని మా గట్టి అభిప్రాయం. ప్రతి హోల్‌కూ మొదటి దెబ్బ కొట్టే చోటైన టీ దగ్గర కొత్త పిల్లలందరూ ఆటగాడి ఊపునే చూస్తారు, బంతి లేచాక వెతుక్కుంటారు. అప్పటికే ఆలస్యం. ఊపు మొదలైందంటే కళ్ళు బంతి మీదే ఉండాలి, అది దొర్లడం ఆగేదాకా వదలకూడదు. ఆగిన చోటుకు సూటిగా దూరాన ఉన్న ఒక చెట్టునో, బంకర్ (ఇసుక గుంట) అంచునో గుర్తు పెట్టుకుని, తల తిప్పకుండా ఆ గీత మీదే నడవాలి. గడ్డి ఎత్తుగా ఉండే రఫ్‌లో పడితే ఈ గీత ఒక్కటే ఆధారం. బంతి వెతకడానికి 2019కి ముందు 5 నిమిషాలు ఉండేవి, ఇప్పుడు 3 నిమిషాలే. అవి దాటితే బంతి పోయినట్టే లెక్క. ఇద్దరు ముగ్గురు క్యాడీలున్నప్పుడు ఒకరిని ముందుగా 200 గజాల అవతల, రఫ్ అంచున నిలబెడతారు. అలా నిలబడ్డవాళ్ళు టీ వైపు చూస్తూ ఉండాలి. బంతి వస్తోందని హెచ్చరించే "ఫోర్" అన్న కేక వినబడితే పైకి చూడకుండా రెండు చేతులతో తల కప్పుకుని వంగాలి. కేక ఎటునుంచి వచ్చిందా అని చూడటం సహజంగా వచ్చే అలవాటు, ముఖానికి దెబ్బ తగిలేది అప్పుడే. అందుకే దీన్ని మాటలతో చెప్పి ఊరుకోకుండా పది పన్నెండుసార్లు చేయించాలి.

నిలబడే చోటు కూడా అంతే ముఖ్యం. ఆటగాడికి ఎదురుగా, నాలుగైదు అంగల అవతల, కదలకుండా ఉండాలి. మన నీడ అతని మీదకో, బంతి మీదకో పడకూడదు. 2019 నుంచి ఒక నియమం చేరింది: ఆటగాడు కొట్టడానికి కాళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాక, బంతి వెళ్ళే గీతకు సూటిగా వెనక క్యాడీ నిలబడకూడదు. పోటీలో అయితే ఆటగాడికి రెండు స్ట్రోకుల (దెబ్బల) శిక్ష. ఇంకో ప్రమాదం మాటతో వస్తుంది. పక్క ఆటగాడు నవ్వుతూ "మీవాడు ఏ క్లబ్బుతో కొట్టాడు?" అని అడుగుతాడు, పెద్దవాళ్ళు అడిగితే జవాబివ్వడం మర్యాద అని పెరిగిన మన పిల్లలు టక్కున చెప్పేస్తారు. అది సలహా కిందికి వస్తుంది, శిక్ష మనం బ్యాగు మోస్తున్న ఆటగాడికే పడుతుంది. దూరం ఎంతో చెప్పవచ్చు, అందులో తప్పు లేదు.

దూరం చెప్పడానికి ముందు పిల్లలు తమ అడుగు కొలుచుకోవాలి. టేపుతో 20 గజాలు కొలిచి, సరిగ్గా 20 అంగల్లో నడవగలిగేదాకా అభ్యాసం చేయించాలి. చాలా కోర్సుల్లో గ్రీన్ (హోల్, దాన్ని చూపే జెండా ఉండే నున్నటి గడ్డి) మధ్యభాగానికి 100 గజాల దగ్గర ఎర్ర గుర్తు, 150 దగ్గర తెల్ల గుర్తు, 200 దగ్గర నీలం గుర్తు ఉంటాయి, నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ మూతల మీద కూడా అంకెలు చెక్కి ఉంటాయి. బంతి తెల్ల గుర్తుకు 12 అంగలు వెనక ఉంటే 162, జెండా గ్రీన్ మధ్యకు ఇంకో 8 గజాలు అవతల ఉంటే 170. ఈ కూడికలో తరచూ జరిగే తప్పు, గుర్తుకు ముందుందా వెనకుందా అన్నది తారుమారు చేయడం. అప్పుడు 24 గజాల తేడా వస్తుంది, అంటే రెండు క్లబ్బుల తేడా. ఇప్పుడు చాలామంది దగ్గర లేజర్ పరికరాలున్నా, అంకె సిద్ధంగా పెట్టుకున్న క్యాడీని సభ్యులు మరిచిపోరు. ఏ క్లబ్బు వాడాలో మాత్రం అడిగితే తప్ప చెప్పకూడదు, మొదటి ఏడాది అడిగినా దూరం చెప్పి ఆగడమే మంచిది.

ఎవరు ఎక్కడ కొట్టినా ఆ దెబ్బ నేల మీద మిగులుతుంది. ఇనుప క్లబ్బు పెకలించిన గడ్డిముక్క చెదరకుండా ఉంటే తిరిగి దాని చోట పెట్టి కాలితో అదమాలి. ముక్కలైపోతే సీసాలో ఇచ్చిన ఇసుక, విత్తనాల మిశ్రమం పోసి నేలకు సమంగా తొక్కాలి. కుప్పగా వదిలేస్తే గడ్డి కోసే యంత్రం బ్లేడు దెబ్బతింటుంది. బంకర్‌లోకి లోతు తక్కువున్న వైపు నుంచి దిగాలి, ఎత్తైన గట్టు మీద నుంచి దూకితే గట్టు విరిగిపడుతుంది. ఆటగాడు బంతిని బయటికి కొట్టాక అతని గుంతలు, మన అడుగులు రెండూ రేక్ అనే పళ్ళున్న కర్రతో చదును చేస్తూ వెనక్కి రావాలి.

గ్రీన్ మీద తప్పు చేస్తే అందరికీ కనబడుతుంది కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాలి. బ్యాగును గ్రీన్ మీదికి తేకూడదు, తర్వాతి టీ వైపు పక్కన దించాలి. ఆటగాడు గ్రీన్ చేరేసరికి పట్టర్ (బంతిని హోల్‌లోకి దొర్లించే క్లబ్బు) చేతిలో పెట్టి, వాడిన ఇనుప క్లబ్బు తీసుకుని తుడవాలి. తువ్వాలు సగం తడిగా, సగం పొడిగా ఉండాలని చెప్పేది ఇందుకే. బంతి వెనక నాణెం పెట్టి, ఆ తర్వాతే బంతి ఎత్తి తుడవాలి. వరస తారుమారైతే శిక్ష పడుతుంది. గ్రీన్ మీద ఆగిన ఆటగాడి బంతిని అతను అడగకుండానే క్యాడీ గుర్తుపెట్టి ఎత్తవచ్చు, గ్రీన్ బయట మాత్రం అనుమతి కావాలి. ఏ బంతికీ హోల్‌కూ మధ్య గీతను తొక్కకూడదు. బంతి పడి గుంట చేసిన చోట, దాన్ని సరిచేసే చిన్న పనిముట్టును గుంట అంచుల్లో గుచ్చి మట్టిని మధ్యకు నెట్టాలి. మధ్య నుంచి పైకి లేపితే వేళ్ళు తెగి, నాలుగు రోజుల్లో మానాల్సిన మచ్చ వారాల తరబడి గోధుమరంగులో ఉండిపోతుంది. శిక్షణలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, పైకి లేపడమే సహజంగా అనిపిస్తుంది కాబట్టి.

జెండా కర్ర పట్టుకునేటప్పుడు చేయి చాపినంత దూరంలో నిలబడి, గుడ్డ రెపరెపలాడకుండా కర్రతో కలిపి పట్టుకోవాలి. ముందే కర్రను కొంచెం తిప్పి వదులు చేసుకోవాలి, లేకపోతే బంతి దొర్లి వస్తుండగా హోల్‌లో బిగుసుకుపోయి రాదు. హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. కర్ర వంకరగా లాగితే దాని అంచు చెదురుతుంది, తర్వాత ఆడేవాళ్ళందరూ ఆ నష్టం భరించాలి. ఇప్పుడు కర్ర ఉంచే పట్ చేయవచ్చు కాబట్టి, తీయాలా వద్దా అని ముందే అడగాలి.

పోయే వస్తువులన్నీ దాదాపు గ్రీన్ చుట్టూనే పోతాయి. ఆటగాడు రెండు వెడ్జులతో వచ్చి ఒకటి గడ్డిలో పడేస్తాడు, పట్ అయ్యాక కబుర్లలో మరిచిపోతాడు. గ్రీన్ వదిలేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడటం, టీ దగ్గర క్లబ్బుల తొడుగులు చూసుకోవడం అలవాటు చేయాలి.

మన పిల్లలకు ప్రత్యేకంగా నేర్పాల్సినవి రెండున్నాయి. ఒకటి పిలుపు. సభ్యులను మిస్టర్ ఫలానా, మిసెస్ ఫలానా అని ఇంటిపేరుతో పిలవాలి, అంకుల్ అనకూడదు. నలుగురి పేర్లూ మొదటి టీ దగ్గరే గుర్తు పెట్టుకోవాలి. కళ్ళలోకి చూసి మాట్లాడటం, చివర్లో టోపీ తీసి చేయి కలపడం ఇంట్లోనే అభ్యాసం చేయించండి. రెండోది తల్లిదండ్రుల గురించి. పిల్లాడికి లూప్ దొరకలేదని, పని పంచే క్యాడీ మాస్టర్‌కు ఫోన్ చేయకండి. పొద్దున్నే వెళ్ళి పేరు రాసి, రెండు మూడు గంటలు క్యాడీ షాక్‌లో (క్యాడీలు పని కోసం వేచి ఉండే గదిలో) కూర్చుని, పని దొరక్క ఇంటికి రావడం మొదటి నెలలో అందరికీ జరిగేదే. వాన పడ్డ రోజున కూడా వచ్చి కూర్చునేవాళ్ళను క్యాడీ మాస్టర్ గమనిస్తాడు. రాలేకపోతే ఆ కబురు పిల్లాడే చెప్పాలి.

జూలై ఎండలో తేమ ఎక్కువ. ప్రతి మూడు హోల్స్‌కు నీళ్ళు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. పిడుగుల సైరన్ మోగితే ఆట ఆగిపోతుంది. అప్పుడు చెట్టు కింద నిలబడకూడదు, బ్యాగు వదిలేసి భవనంలోకి వెళ్ళాలి. ముళ్ళులేని మెత్తటి అడుగు బూట్లు, కొత్తవి కాకుండా నాలుగు రోజులు వాడినవి వేసుకోవాలి.

డబ్బు విషయంలో పద్ధతి క్లబ్బును బట్టి మారుతుంది. చాలాచోట్ల క్యాడీని స్వతంత్ర కాంట్రాక్టరుగా లెక్కిస్తారు, పన్ను పట్టుకోరు. ఏడాదిలో ఖర్చులు పోను 400 డాలర్లు దాటితే పిల్లాడైనా స్వయం ఉపాధి పన్ను రిటర్ను వేయాలి. కాబట్టి తేదీ, ఆటగాడి పేరు, చేతికొచ్చిన మొత్తం మొదటి రోజు నుంచే పుస్తకంలో రాయించండి.

ఆ పుస్తకం స్కాలర్‌షిప్‌కూ పనికొస్తుంది. షికాగోలో క్యాడీగా పెరిగిన చిక్ ఎవాన్స్ 1916లో అమెచ్యూర్‌గానే (డబ్బు కోసం ఆడని ఆటగాడిగానే) ఉండి యూఎస్ ఓపెన్, యూఎస్ అమెచ్యూర్ రెండూ గెలిచాడు. డబ్బు తీసుకుంటే అమెచ్యూర్ హోదా పోతుందని తనకు రావాల్సిన సొమ్మును క్యాడీల చదువుకు మళ్ళించాడు. 1930లో ఇద్దరు క్యాడీలు నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చేరడంతో ఎవాన్స్ స్కాలర్‌షిప్ మొదలైంది. వెస్టర్న్ గోల్ఫ్ అసోసియేషన్ నడిపే ఈ స్కాలర్‌షిప్ కాలేజీ ట్యూషన్, వసతి రెండూ భరిస్తుంది. చూసేవి నాలుగు: క్యాడీగా రికార్డు, మార్కులు, నడవడి, కుటుంబ ఆర్థిక అవసరం. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్ళు చాలావరకు ఆ నాలుగోదాని దగ్గరే ఆగిపోతాయి. ఒక్క జీతం మీదో, పెట్రోల్ బంకు, చిన్న దుకాణం మీదో నడిచే కుటుంబాలు మాత్రం దీన్ని తప్పక చూడాలి. హైస్కూలు చివరి ఏడాది మొదట్లో దరఖాస్తు చేసేనాటికి కనీసం రెండేళ్ళు క్రమం తప్పకుండా పనిచేసి ఉండాలి, క్లబ్బు నుంచి సిఫారసు కావాలి. అంటే తొమ్మిదో తరగతి ముగిసిన వేసవిలోనే మొదలుపెట్టడం మంచిది. పదకొండో తరగతి అయ్యాక మొదలుపెట్టినవాళ్ళకు ఆ రెండేళ్ళు పూర్తికావు.