కౌలురైతు ఇంటికి పోయేటప్పుడు

వరంగల్ చుట్టుపక్కల పత్తి ఊర్లల్ల కౌలురైతు ప్రాణం తీసుకున్న ఇంటికి పోతే ‘ఎట్ల జరిగింది’ అని అడగొద్దు. చనిపోయినాయన భార్య, ఆ అక్క, పోలీసులకు, రెవెన్యూవాళ్లకు, అప్పులోళ్లకు అప్పటికే చెప్పి చెప్పి ఉంటది; చెప్పిన ప్రతిసారి అదంతా మళ్లా కండ్లముందుకొస్తది. ఇద్దరు పోతే చాలు, ఒకరు ఆడమనిషి. ఆమె నేలమీద కూసుంటే మనమూ నేలమీదనే. దళితవాడ ఇల్లైతే ఇచ్చిన నీళ్లు తాగాలె. వద్దంటే ఎందుకు వద్దన్నమో వాళ్లకు తెలుసు. ‘పొయ్యి ఎలిగిందా, రాత్రి నిద్రపట్టిందా’ అని మెల్లగ అడగాలె.

2018ల వచ్చిన రైతుబీమా 5 లక్షలు పట్టా పాస్‌బుక్కు ఉన్నోళ్లకే, కౌలుదారుకు కాదు. అందుకే ఆమె దిగులును ఒట్టి మనోవ్యాధి అనొద్దు. జిరాక్సులు మనమే తీసి ఆఫీసులకు తోడుపోవాలె. చచ్చిపోవాలనిపిస్తుందంటే అప్పుడే పక్కన కూసొని మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోను సాయం టెలిమానస్ 14416 కలపాలె, పైసలు పడవు. అప్పులోళ్లు వచ్చే రోజు సంఘం అక్కలు ఇద్దరన్న ఆ ఇంట్ల ఉండాలె.