కోళ్ళకి పొద్దున్నే పెట్టే నీళ్ళ గురించి

మొన్న సాయంత్రం అక్క వీడియో కాల్ చేసింది, మిన్నెసోటాలో వాళ్ళకి అప్పుడే తెల్లారుతోంది, కోళ్ళ నీళ్ళ డబ్బా చూపించింది, మొత్తం గడ్డ కట్టేసింది. ఒక పెట్ట దాని మీద ముక్కుతో పొడుస్తుంటే టక్ టక్ మని సౌండే తప్ప చుక్క నీళ్ళు లేవు. నాకు ప్రాణం ఉసూరుమంది. చలికైతే ఈకలు ఉబ్బించుకుని ఒకదాన్నొకటి ఆనుకుని ఎలాగో ఓర్చుకుంటాయి, కానీ నీళ్ళు లేకపోతే మేత కూడా సరిగ్గా ముట్టవు, గుడ్డులో ముప్పావు వంతు నీళ్ళే కదా, ఇంక గుడ్డెలా పెడతాయి.

ఎవరో చెప్పారని అక్క ఉప్పునీళ్ళ సీసా ఒకటి డబ్బాలో వేసిందట. సీసాలో ఉప్పు సీసాలోనే ఉంటుంది అక్కా, బయట నీళ్ళు సున్నా డిగ్రీలకి గడ్డ కట్టకుండా అదేం ఆపుతుంది అన్నాను. అలాగని తాగే నీళ్ళలోనే ఉప్పు కలపకండి, కోళ్ళకి ఉప్పు ఎక్కువైతే విషం. ఇప్పుడు రెండు నల్ల రబ్బరు తొట్లు పెట్టుకుంది, ఒకటి గడ్డ కడితే బోర్లించి కాలితో నొక్కితే ఐసు ఊడొస్తుంది, ఈలోపు రెండోది పెడుతుంది. కింద పెట్టే కరెంటు హీటరు కూడా ఆర్డర్ చేసింది, దాని మీద రేకు డబ్బానే పెట్టాలి, వైరు గడ్డికి తగలకూడదు. గూట్లో హీట్ బల్బు మాత్రం వద్దని గట్టిగా చెప్పాను, అది జారి గడ్డిలో పడితే అంతే, మంటలే. రాత్రి నీళ్ళు లేకపోయినా పర్లేదు, చీకట్లో కోళ్ళు తాగవు, పైగా గూట్లో తేమ చేరితే ఆ చలికి కోడి నెత్తి మీది ఎర్ర జుట్టు దెబ్బతింటుంది.

మనకి ఆ బాధ లేదు, బేగంపేటలో రికార్డు చలి అంటేనే 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. కానీ అమీన్‌పూర్‌లో మా పెరట్లో డిసెంబరు పొద్దున నీళ్ళలో వేలు పెడితే జివ్వుమంటుంది. నావి ఐదు గ్రామప్రియ పెట్టలు, మన రాజేంద్రనగర్ పౌల్ట్రీ రీసెర్చ్ వాళ్ళు తయారుచేసిన జాతి, పోయిన డిసెంబర్లో రోజూ నాలుగు గుడ్లు వచ్చేవి రెండుకి పడిపోయాయి. పగలు తగ్గడం కూడా కారణమే అనుకోండి, కానీ అసలు నీళ్ళే తాగట్లేదు, పెట్టకి రోజుకి పావు లీటరు దాకా కావాలి, సాయంత్రానికి చూస్తే సగం పైన అలాగే ఉండేవి. తప్పు నాదే, ఎండాకాలం పెట్టిన మట్టి మూకుడే ఉంచేశాను, మట్టి చెమ్మగిల్లి నీళ్ళని చల్లబరుస్తుంది, మేలో అదే ప్రాణం కాపాడుతుంది, డిసెంబర్లో అదే వాటిని నీళ్ళ దగ్గరికి రానివ్వట్లేదు.

ఇప్పుడు స్టీలు గిన్నె పెట్టాను. రాత్రి నీళ్ళు పారబోసి, పొద్దున్నే ట్యాంకు నీళ్ళు కాకుండా మోటారు వేసి నేరుగా బోరు నీళ్ళు పడతాను, భూమిలోంచి గోరువెచ్చగా వస్తాయి, గూడు తలుపు తియ్యగానే ఐదూ గిన్నె చుట్టూ చేరి తలలెత్తి గుటకలేస్తుంటాయి, ఆ తర్వాతే నూకల వైపు చూస్తాయి.