హైదరాబాద్ వదలకుండా జియాలజీ ఉద్యోగం: నా అనుభవం

ఎమ్మెస్సీ జియాలజీ చేసి, ఇంటి పరిస్థితుల వల్ల హైదరాబాద్ దాటి వెళ్లలేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాన్న పోయాక ఇంట్లో అమ్మ, ఇంటర్ చదివే తమ్ముడు, నేను మిగిలాం. ఒడిశా గనుల్లోనో రాజస్థాన్‌లోనో పోస్టింగ్ వస్తే వీళ్లను వదిలి వెళ్లే వీలు లేదు. కోడింగ్ నేర్చుకోమని చుట్టాలు చెప్పారు. నాకు రాయి మీద ప్రేమ. చదివిన చదువుతోనే బతకాలని గట్టిగా అనుకున్నాను.

పైకి చూస్తే మన సబ్జెక్టుకు ఇంతకంటే మంచి ఊరు లేదనిపిస్తుంది. హబ్సిగూడలో 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. బండ్లగూడలో జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) దక్షిణ ప్రాంత కార్యాలయం, దాని శిక్షణ సంస్థ, అక్కడే కేంద్ర భూగర్భజల బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉన్నాయి. బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, మాసబ్‌ట్యాంక్‌లో ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ. ఎమ్మెస్సీలో ఉండగా బస్సులో వెళ్తూ ఈ బోర్డులు చూసి, ఏదో ఒకదాంట్లో చోటు దొరక్కపోతుందా అనుకునేదాన్ని. కానీ వీటిలో చాలావరకు పెద్దాఫీసులు. ఎన్‌ఎండీసీ ఆఫీసు ఇక్కడుంటే ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలలో ఉంటుంది. జీఎస్‌ఐకి దేశమంతటికీ ఒకటే పరీక్ష, పాసైతే షిల్లాంగ్‌కైనా జైపూర్‌కైనా వెళ్లాలి. ఆఫీసులు మన ఊళ్లో ఉన్నంత మాత్రాన ఉద్యోగాలు మన ఊళ్లో ఉండవని నాకు అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది.

ఆ పరీక్ష యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్. అదీ రాశాను. ప్రిలిమ్స్ గట్టెక్కాను, మెయిన్స్‌లో పోయింది. 2023లో 285 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, 2024లో 56కి, 2025లో 85కి. జియాలజిస్టులకే కాదు, జియోఫిజిసిస్టులకూ కెమిస్టులకూ కలిపి దేశం మొత్తానికి ఇవే. రాయొద్దని నేననను, వయసున్నన్నాళ్లూ రాయండి. అది ఒక్కటే దిక్కని మాత్రం కూర్చోకండి.

ఇంకో దారి ప్రాజెక్టు పోస్టుల వాకిన్ ఇంటర్వ్యూలు. పొద్దున్నే సర్టిఫికెట్ల ఫైలు, జిరాక్స్ సెట్లు పట్టుకుని వెళ్తే ప్రతిచోటా దాదాపు అవే ముఖాలు. పోస్టు ఒకటో రెండో ఉంటుంది, అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. అక్కడ నేర్చుకున్నది ఒకటుంది: ప్రకటనలో జీతం, అర్హత చూసి ఆగిపోకుండా ప్రాజెక్టు పేరు చదవాలి. భూగర్భజలం అని ఉంటే రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీటి జాడ వెతికే పద్ధతి) చదువుకుని వెళ్లాలి. అలా వెళ్లినప్పుడు కనీసం ఇంటర్వ్యూ బాగా జరిగేది.

ఇల్లు గడవాలి కాబట్టి మాదాపూర్‌లో ఒక మ్యాపింగ్ కంపెనీలో చేరాను. శాటిలైట్ చిత్రం మీద రోడ్లు, మలుపులు గీయడం. చాలావరకు నైట్ షిఫ్టులు. జీతం ఒకటో తారీఖుకల్లా పడేది, మా బ్యాచ్‌లో సగం మంది ఆ లైన్లోనే స్థిరపడ్డారు, బాగున్నారు కూడా. నాకు మాత్రం చదివింది చేతిలోంచి జారిపోతోందన్న బెంగ పట్టుకుంది.

షిఫ్టు అయ్యాక కోకాపేట వైపు నుంచి కంపెనీ క్యాబ్‌లో వస్తుంటే, నలభై అంతస్తుల టవర్లకు సెల్లార్లు తవ్వుతూ కనిపించేవి. గోతుల గోడలంతా గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి రాయి, దాంట్లో జాయింట్లు (సహజమైన పగుళ్లు), అక్కడక్కడా డైకులు (రాతిని చీల్చుకుని వచ్చిన వేరే రాతి పట్టీలు) క్యాబ్‌లోంచే కనిపించేవి. ఇంత రాయి తవ్వుతున్న ఊళ్లో దాన్ని చదివేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి కదా! ఇంటికొచ్చి వెతికితే విషయం తెలిసింది. ఆ పనికి ఇచ్చే ప్రకటనల్లో జియాలజీ అన్న మాటే ఉండదు. సాయిల్ ఇన్వెస్టిగేషన్, జియోటెక్నికల్ ఇంజినీర్ అని ఉంటుంది. అర్హత బీటెక్ సివిల్.

అప్పట్నుంచి వెతికే పద్ధతి మార్చాను. జియాలజిస్ట్ అని కొట్టడం మానేసి కోర్ లాగింగ్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీని చూసి వివరాలు రాయడం), ఆర్‌క్యూడీ (రాతి నాణ్యతను చెప్పే అంకె), టన్నెల్, రాక్ టెస్టింగ్ అని వెతికాను. ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న ల్యాబుల జాబితా ఉంటుంది, అందులోంచి హైదరాబాద్‌లో మట్టి, రాయి పరీక్షించే ల్యాబుల చిరునామాలు రాసుకున్నాను. సొరంగాల టెండర్ కాగితాలు చదివాను. కొన్నింట్లో ఏజెన్సీ దగ్గర ఇంజినీరింగ్ జియాలజిస్టు ఉండి తీరాలని రాసి ఉంటుంది. అంటే ఆ పని దక్కించుకున్నవాళ్లకు మనం అవసరం. ఈ దారి నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మెయిళ్లకు జవాబులు రాలేదు. నేరుగా వెళ్లడం మొదలుపెట్టాను. చాలాచోట్ల "సివిల్ వాళ్లనే తీసుకుంటాం అమ్మా" అని గుమ్మంలోనే పంపేశారు. ఒకచోట పెద్దాయన, ఆ సంస్థలో సీనియర్ ఇంజినీర్, బయోడేటా చూసి ఏమీ అనకుండా వెనక షెడ్డులోకి తీసుకెళ్లారు. కోర్ బాక్సులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తెరిచి, "ఈ రన్‌కి ఆర్‌క్యూడీ చెప్పమ్మా" అన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బోరులోంచి తీసిన రాతి కడ్డీలో పది సెంటీమీటర్లు, అంతకుమించి పొడవున్న ముక్కల్ని కలిపి కొలిచి, మొత్తం తవ్విన పొడవులో అవి ఎంత శాతమో లెక్కగట్టడమే ఆర్‌క్యూడీ. రాయి ఎంత పగుళ్లతో ఉందో దాన్నిబట్టి అంచనా వేస్తారు. ఆ రన్, అంటే ఒక విడతలో తవ్విన పొడవు, మీటరున్నర. షీటు మీద 41 శాతం అని ముందే రాసి ఉంది. లెక్క ప్రకారం సరే, పెద్ద ముక్కలు 62 సెంటీమీటర్లే వస్తున్నాయి.

ముక్కలు ఒక్కొక్కటే తీసి విరిగిన ముఖాలు చూశాను. భూమిలో ఎప్పుడో పడిన పగులైతే ముఖం మీద తుప్పు రంగు మరక ఉంటుంది, కొన్నిసార్లు తెల్లటి మట్టి పొర ఉంటుంది, అంచులు మొద్దుబారి ఉంటాయి. ఇక్కడ చాలా ముక్కల్లో ఫెల్డ్‌స్పార్ (గ్రానైట్‌లో ఉండే ఖనిజం) తళతళలాడుతోంది, అంచు చేతికి గీసుకుంటోంది, ఒకదాన్నొకటి ఆనిస్తే సందు లేకుండా అతుక్కుంటున్నాయి. అవి కొత్తగా విరిగినవి, భూమిలో ఉన్న పగుళ్లు కావు. వాటిని జతచేసి ఒకే ముక్కగా లెక్కగడితే 107 సెంటీమీటర్లు, అంటే 71 శాతం వచ్చింది. పక్కనే ఉన్న డ్రిల్లర్ అన్న, "బ్యారెల్ల ఇరుక్కుంటే సుత్తితోని కొట్టి తీసినం మేడమ్, అప్పుడే ఇరిగినయి" అన్నాడు. పూర్ అని రాసిన రాయి ఫెయిర్ అయింది. పునాది ఎంత లోతుకు వెళ్లాలి, బ్లాస్టింగ్ ఎంత చేయాలి అన్నవి ఇలాంటి అంకెల మీదే ఆధారపడతాయి.

సార్ ఇంకాసేపు జాయింట్ల వాలు గురించి, నీళ్లు ఏ లోతులో ఎందుకు తగిలాయన్న దాని గురించి అడిగారు. కొన్నాళ్లు ట్రయల్‌గా రమ్మన్నారు. జీతం మ్యాపింగ్ కంపెనీకంటే తక్కువ. అమ్మతో మాట్లాడి చేరాను, ఆ తర్వాత పర్మినెంట్ అయింది.

కష్టాలు కూడా చెప్పాలి. ఎండలో సైటు మీద నిలబడాలి. చాలా సైట్లలో ఆడవాళ్లకు టాయిలెట్ ఉండదు. దీని గురించి నేను ప్రతి సైటులోనూ అడుగుతాను. మీరూ మొహమాటపడకుండా మొదటి రోజే అడగండి. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పటి నుంచి, నేను రాసే ప్రతి షీటూ ఎవరి ప్రాణానికో సంబంధించిందన్న ఎరుకతోనే సంతకం పెడుతున్నాను.

ఈ లైన్లోకి రావాలనుకుంటే కాలేజీలో ఒక పేపరుగా ముగించేసిన ఇంజినీరింగ్ జియాలజీని మళ్లీ తీయండి. భారత ప్రమాణాల్లో ఐఎస్ 1892, ఎస్‌పీటీకి (బోరులో నేల గట్టిదనం చూసే పరీక్ష) ఐఎస్ 2131, ఆర్‌క్యూడీకి ఐఎస్ 11315 పదకొండో భాగం చదవండి. రాతికి మార్కులు వేసే పద్ధతులైన ఆర్‌ఎంఆర్, క్యూ సిస్టమ్ రెండూ చేత్తో లెక్కగట్టడం రావాలి. సివిల్ వాళ్ల భాష మనకు వస్తేనే మన మాట వాళ్లు వింటారు. ఆటోక్యాడ్ కూడా కొంత వస్తే మంచిది.

ఇప్పుడు మా ఆఫీసులో ఇంకొకరిని తీసుకుంటున్నారు. ప్రకటనలో ఎప్పటిలాగే బీటెక్ సివిల్ అని రాస్తుంటే, ఎమ్మెస్సీ జియాలజీ కూడా చేర్చమని సార్‌ని అడిగాను. చేర్చారు.