పియానో ఆడిన పాప

బుడాపెస్ట్‌కు వచ్చిన మూడవ ఏట మా పాపను ఇంటికి దగ్గరలోని సంగీత పాఠశాలలో చేర్పించాము. మొదటి వారమే ఇంటికి వచ్చి, "నాన్నా, ఈ రోజు పియానో ఆడాను" అన్నది. "ఆడాను కాదమ్మా, వాయించాను అనాలి" అని అప్పటికప్పుడే సరిదిద్దాను. పరాయి దేశంలో తెలుగును నిలుపుకోవడమంటే ఇటువంటి తప్పులను వెంటనే తుంచివేయడమేనని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాడిని. హంగేరియన్ భాషలో బొమ్మలతో ఆడుకోవడానికీ, వాద్యం వాయించడానికీ ఒకే క్రియ సరిపోతుందనీ, పాప దానినే తెలుగులోకి మోసుకొచ్చిందనీ నాకు తట్టడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ క్రియకు సంబంధించిన మాటనే హంగేరియన్ స్వరకర్త కుర్టాగ్ ద్యోర్ద్ తన పియానో సంపుటాలకు పేరుగా పెట్టారు (ఇక్కడ కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది). యాటేకోక్, అంటే ఆటలు. పియానోను ఇంకా బొమ్మగానే చూసే పిల్లలు దానిని ఎలా తడుముతారో, ఎలా చరుస్తారో గమనించి, 1973లో ఆయన వాటిని రాయడం మొదలుపెట్టారు. పాప తెచ్చిన ఆ సంపుటం తెరిస్తే కొన్ని పుటలలో స్వరాలకు బదులు లావాటి నల్లని గుండ్లు కనిపించాయి. అరచేతితో అదమాలట, ముంజేతిని మీటల మీద వాల్చాలట. మా అక్క విజయనగరంలో సరళీ స్వరాలు నేర్చుకునేటప్పుడు తాళం తప్పితే మళ్లీ మొదటికి రావలసిందే కనుక, నాకు ఇది చదువులాగా అనిపించలేదు.

కానీ ఆయన జీవితం తెలుసుకున్నాక ఆ అభిప్రాయం నిలవలేదు. ఆయన 1926లో రుమేనియాలోని లుగోజ్‌లో, హంగేరియన్ మాట్లాడే యూదు కుటుంబంలో పుట్టారు. ఇంటి భాష ఒకటి, దేశ భాష మరొకటి. అమెరికా నుంచి ప్రసిద్ధ హంగేరియన్ స్వరకర్త బార్టోక్ తిరిగివస్తారని ఆశపడి 1945లో బుడాపెస్ట్‌లోని సంగీత కళాశాల లిస్ట్ అకాడమీ ప్రవేశ పరీక్షకు వస్తే, ఆ భవనం మీద నల్ల జెండా ఎగురుతున్నది. బార్టోక్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1957లో పారిస్ వెళ్లి, ఒక్క స్వరం కూడా రాయలేని స్థితిలో పడ్డప్పుడు, మరియన్ స్టెయిన్ అనే మనస్తత్వవేత్త రెండు స్వరాలను కలపడంతో మొదలుపెట్టమన్నారు. తిరిగివచ్చి 1959లో పూర్తిచేసిన తంత్రీవాద్య చతుష్టయానికే (స్ట్రింగ్ క్వార్టెట్) ఆయన తొలి రచన సంఖ్య (ఓపస్ 1) వేసి, ఆమెకు అంకితమిచ్చారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు.

అకాడమీలో 1967 నుంచి పాఠం చెప్పిన కుర్టాగ్, ఒక్క పలుకు కుదిరేదాకా గంటల తరబడి విద్యార్థులను వదిలేవారు కారు. పియానో విద్వాంసుడు ఆండ్రాష్ షిఫ్ వంటివారు ఆయన శిష్యులే. పిల్లలను మీటల మీద చేతులు వాల్చమన్నది కూడా ఈయనేనా అని నాకు చాలా రోజులు వింతగా ఉండేది. తరువాత ఒక సాయంత్రం పాఠం చూడడానికి వెళ్లాను. ముంజేయి ఎంత బరువుతో దిగాలి, నాదం ఎంతవరకు ఆరిపోయాక లేవాలి అన్న ఒక్క విషయం మీదే పంతులమ్మ మా పాప చేత పదకొండు సార్లు చేయించారు. నేను లెక్కపెట్టాను.

గత ఆదివారం విజయనగరం నుంచి మా అమ్మ వీడియో కాల్ చేసింది. పాప ఎప్పటిలాగే, "నానమ్మా, పియానో ఆడాను" అన్నది. "ఏం ఆటే అది?" అని అడిగింది అమ్మ. పాప ఫోనును పియానో మీద నిలబెట్టి, రెండు ముంజేతులనూ ఒక్కసారిగా మీటల మీద వాల్చి, ఆ మోత పూర్తిగా అణగేదాకా కదలకుండా కూర్చున్నది. అటువైపు అమ్మ ఉలిక్కిపడి, కళ్లజోడు సర్దుకుని, "మళ్లీ ఆడు" అన్నది.