ఎస్‌ఎస్‌హెచ్‌ని వైర్‌గార్డ్ వెనక్కి మార్చడం: నా అనుభవం

ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి, వైర్‌గార్డ్ అంటే రెండు యంత్రాల మధ్య గుప్తంగా టన్నెల్ వేసే వీపీఎన్. నాది పబ్లిక్ ఐపీ ఉన్న ఉబుంటు 24.04 సర్వర్. ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు అందరికీ తెరిచే ఉంది, పాస్‌వర్డ్ లాగిన్ నడుస్తోంది. సర్వర్ లాగ్ అయిన జర్నల్ తెరిస్తే రూట్, అడ్మిన్, టెస్ట్ పేర్లతో తప్పుడు లాగిన్లు ఆగకుండా పడుతున్నాయి. లాగిన్ పాస్‌వర్డ్‌తో కాక కీ ఫైల్‌తోనే జరగాలి, అదీ వైర్‌గార్డ్ టన్నెల్ లోపలి నుంచే జరగాలి అన్నది నేను పెట్టుకున్న పని. రాయాల్సిన సెట్టింగులు పట్టుమని ఇరవై లైన్లు ఉండవు. కష్టమంతా వరుసలోనే ఉంది. ఒక్క మెట్టు ముందువెనకలైతే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, మనం మాత్రం బయట ఉండిపోతాం.

అందుకే మొదట చూసుకున్నది తిరుగుదారి. ప్రొవైడర్ పేజీలో ఉండే వెబ్ కన్సోల్ నెట్‌వర్క్ లేకున్నా పనిచేస్తుంది, కానీ అది అడిగేది పాస్‌వర్డ్. క్లౌడ్ ఇమేజ్‌తో వచ్చే యూజర్‌కి పాస్‌వర్డ్ సాధారణంగా లాక్ అయి ఉంటుంది. అడ్మిన్ ఆదేశాలు నడిపే సుడో పాస్‌వర్డ్ అడక్కుండా నడుస్తుంది కాబట్టి ఆ సంగతి చాలామందికి తెలియదు. పాస్‌వర్డ్ పెట్టి, కన్సోల్‌లో నిజంగా లాగిన్ అయి చూశాకే మిగతా పని మొదలుపెట్టాను.

కీ కోసం ఈడీ25519 రకం చాలు. పబ్లిక్ కీని సర్వర్‌కి కాపీ చేశాక కూడా లాగిన్ కాకపోతే ముందు అనుమతులు చూడాలి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600 అని అందరూ చెబుతారు. హోమ్ ఫోల్డర్‌కి గ్రూప్ రైట్ అనుమతి ఉన్నా సర్వర్ కీని తిరస్కరించవచ్చని మాత్రం తక్కువమంది చెబుతారు. క్లయింట్‌కి కనిపించేది ‘పర్మిషన్ డినైడ్’ ఒక్కటే. అసలు కారణం సర్వర్ లాగ్‌లో ‘బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని ఉంటుంది.

తర్వాత పాస్‌వర్డ్ ఆపడం. మెయిన్ కాన్ఫిగ్ ఫైల్‌లో ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ నో’ అని రాసి, సర్వీస్ రీలోడ్ చేసినా పాస్‌వర్డ్ పనిచేస్తూనే ఉంది. సర్వర్ వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ. అది ఒకే సెట్టింగ్ రెండుసార్లు కనిపిస్తే మొదటిదాన్నే తీసుకుంటుంది. ఉబుంటులో వేరే ఫైళ్లను కలిపే ఇన్‌క్లూడ్ లైన్ ఫైల్ పైభాగంలోనే ఉంటుంది, అది డాట్ డీ ఫోల్డర్‌లోని ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది. అక్కడ సర్వర్‌ని మొదటిసారి సిద్ధం చేసే క్లౌడ్ ఇనిట్ పెట్టిన, 50తో మొదలయ్యే ఫైల్‌లో అదే సెట్టింగ్‌కి ‘యెస్’ అని ఉంది. కింద మనం ఏం రాసినా దానికి పట్టదు. నా సెట్టింగులన్నీ 10తో మొదలయ్యే కొత్త ఫైల్‌లోకి మార్చాను. కీబోర్డ్ ఇంటరాక్టివ్ ఆథెంటికేషన్ కూడా ‘నో’ చేయాలి, లేకపోతే లినక్స్‌లో లాగిన్లను తనిఖీ చేసే పామ్ ఆ దారిలో పాస్‌వర్డ్ అడగగలదు.

రీలోడ్‌కి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీని స్మాల్ టీ ఆప్షన్‌తో నడిపితే అక్షర దోషాలు పట్టిస్తుంది. క్యాపిటల్ టీతో నడిపితే అన్ని ఫైళ్లూ కలిపాక చివరికి అమల్లో ఉండే విలువలు చూపిస్తుంది. నేను నమ్మేది ఆ రెండో జాబితానే, ఫైల్‌లో నేను రాసినదాన్ని కాదు.

వైర్‌గార్డ్‌కి సర్వర్ వైపు 10.8.0.1, ల్యాప్‌టాప్ వైపు 10.8.0.2 ఇచ్చాను. పోర్టు 51820, యూడీపీ. అలవాటు మీద టీసీపీ రూల్ పెట్టేస్తే హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులా ఒకదాన్నొకటి గుర్తించే తొలి మెట్టు, ఎప్పటికీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. గుర్తింపు లేని ప్యాకెట్‌కి వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు. ప్రొవైడర్ ఫైర్‌వాల్‌లోనూ, సర్వర్ లోపలి ఫైర్‌వాల్ అయిన యూఎఫ్‌డబ్ల్యూలోనూ రెండుచోట్లా ఆ పోర్టు తెరవాలి. ల్యాప్‌టాప్‌లో ‘డబ్ల్యూజీ షో’ కొడితే పంపిన బైట్లు పెరుగుతూ, వచ్చినవి సున్నాగా ఉంటే ఫైర్‌వాల్, ఎండ్‌పాయింట్ చిరునామా, పబ్లిక్ కీలు చూడాలి. ఏ చిరునామాలు టన్నెల్ అవతలికి వెళ్లాలో చెప్పేది అలౌడ్ ఐపీస్ లైన్. సర్వర్ వైపు అందులో 10.8.0.2/32 మాత్రమే రాయాలి. క్లయింట్ ఫైల్ చూసి అక్కడ కూడా 0.0.0.0/0, అంటే అన్ని చిరునామాలూ, పెడితే సర్వర్ తన ట్రాఫిక్ అంతా మన ల్యాప్‌టాప్ వైపు తిప్పేస్తుంది, ఆ క్షణమే సెషన్ పోతుంది. రూటర్ వెనక ఉన్నది ల్యాప్‌టాప్ కాబట్టి దారి మూసుకుపోకుండా 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ పంపే కీప్‌అలైవ్ దాని ఫైల్‌లోనే పెట్టాను.

ఎక్కువ సేపు పట్టింది తర్వాతి చిక్కుకే. మొబైల్ డేటా మీద హ్యాండ్‌షేక్ అయింది, 10.8.0.1కి పింగ్ వెళ్లింది, ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం కీ మార్పిడి దగ్గర ఆగిపోయింది. చిన్న ప్యాకెట్లు వెళ్లి పెద్దవి పోకపోతే అది ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు, సమస్యే. కీ మార్పిడిలోనే పెద్ద ప్యాకెట్లు వెళ్తాయి, అందుకే సెషన్ తొలి క్షణాల్లోనే తగులుకుంటుంది. టన్నెల్ ప్యాకెట్ దారిలో పట్టకపోతే ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని పారేసే నెట్‌వర్కులు ఉన్నాయి.

కొలవడం ఇలా. టన్నెల్ ఆపి, సర్వర్ పబ్లిక్ ఐపీకి, ముక్కలు చేయొద్దన్న షరతుతో పింగ్ పంపాలి. లినక్స్‌లో అది ‘పింగ్ -ఎం డూ -ఎస్ 1472’. హెడర్లకు 28 కలిపితే 1500. అది పోలేదు. తగ్గించుకుంటూ వస్తే 1392 దగ్గర బదులొచ్చింది, అంటే దారి వెడల్పు 1420. ఐపీవీ4 మీద వైర్‌గార్డ్ తీసుకునేది 60 బైట్లు, ఐపీవీ6 మీద 80. మామూలుగా వచ్చే 1420 ఎంటీయూకి 60 కలిస్తే 1480, అది ఈ దారిలో పట్టదు. 1360 పెట్టగానే లాగిన్ అయింది. టీసీపీ మొదట్లోనే తన సైజు చెప్పుకుంటుంది కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్‌కి క్లయింట్ వైపు మార్పు చాలు, అయినా రెండు వైపులా ఒకే అంకె ఉంచాను.

ఇక 22 మూయడం. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి లిజన్ అడ్రస్‌గా 10.8.0.1 ఇవ్వమనే సలహా తరచూ కనిపిస్తుంది. నేను ఆ దారి ఎంచుకోలేదు. రీబూట్‌లో టన్నెల్ లేవకముందే ఎస్‌ఎస్‌హెచ్‌డీ లేస్తే ఆ చిరునామా ఇంకా ఉండదు, పోర్టు పట్టలేకపోవచ్చు. టన్నెల్ చెడితే ఫైర్‌వాల్ తీసినా లోపలికి రాలేం. ఎస్‌ఎస్‌హెచ్‌డీని అన్ని చిరునామాల మీదా ఉంచి, అడ్డు యూఎఫ్‌డబ్ల్యూలో పెట్టాను: వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ అయిన డబ్ల్యూజీ0 మీదుగా వచ్చే 22కి ముందు అనుమతి, ఆ తర్వాతే పాత 22 రూల్ తొలగింపు. రూల్‌ని నంబరుతో తీసేస్తే ఐపీవీ4, ఐపీవీ6లలో ఒకటే పోతుంది, రెండోది అలాగే మిగులుతుంది. రూల్‌ని రాసిన మాటలతోనే తొలగిస్తే రెండూ పోతాయి.

ఆ తొలగింపుకు ముందు ‘సిస్టమ్‌డీ రన్’తో పది నిమిషాల టైమర్ పెట్టాను, సమయం అయితే యూఎఫ్‌డబ్ల్యూని ఆపేసేలా. ప్రొవైడర్ ఫైర్‌వాల్‌లోని 22ని అప్పటికి ముట్టుకోలేదు, సర్వర్ లోపలి టైమర్ దాన్ని తెరవలేదు కదా. పాత సెషన్ ఇంకా నడుస్తోందంటే అంతా బాగుందని కాదు. ముందే కుదిరిన కనెక్షన్లను ఫైర్‌వాల్ ఆపదు. దాన్ని అలాగే ఉంచి, ఇంకో టెర్మినల్‌లో టన్నెల్ చిరునామాకి కొత్తగా లాగిన్ అయ్యాకే టైమర్ ఆపాను.

టన్నెల్‌ని లేపే డబ్ల్యూజీ క్విక్ సర్వీస్‌ని ఎనేబుల్ చేశానా అని చూసుకుని, కన్సోల్ పక్కన తెరిచి పెట్టుకుని రీబూట్ చేశాను. స్టార్ట్ చేసి ఎనేబుల్ మరిచిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది, మొదటి రీబూట్‌లో టన్నెల్ లేవదు. కొత్త లాగిన్ వచ్చాక ప్రొవైడర్ వైపు 22 కూడా తీసేశాను. చివరగా టన్నెల్ ఆపి పబ్లిక్ ఐపీ 22కి ప్రయత్నిస్తే టైమ్‌అవుట్ వచ్చింది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ వచ్చి ఉంటే ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని పారేయడం లేదని అర్థం, అప్పుడు రూల్స్ మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చేది.