తాతగారి దస్తావేజు, నా ఐఎఫ్‌ఎస్

మొన్ననే ఇండియన్ ఫారిన్ సర్వీస్ ఖాయమైంది. మాది ఒడిశాలోని బరంపురం. అందరూ ఏం చదివావని అడుగుతున్నారు. చదువు సంగతి సరే, నన్ను ఏడిపించింది ఒక సర్టిఫికెట్.

సివిల్స్ ప్రిలిమ్స్ రెండోసారికి గట్టెక్కాను. మెయిన్స్‌లో భారతీయ భాష పేపర్ 300 మార్కులకు. 25 శాతం వస్తే చాలు. బడిలో చదివింది ఒడియా కాబట్టి అదే రాశాను. ఇంటర్వ్యూ 275 మార్కులు, అరగంటలో అయిపోయింది.

మెయిన్స్ ఫారానికి ఓబీసీ సర్టిఫికెట్ కావాలి, అదీ కేంద్రం నమూనాలో. మా దగ్గర్లోని ఒక ఆఫీసుకి వెళ్లాను. గుమస్తా నా ఇంటిపేరు చూసి, "తెలుగోళ్లా? ఆంధ్రా వెళ్లి తెచ్చుకో" అన్నాడు. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నామన్నాను. పాత పట్టా తెమ్మన్నాడు. మామ్మ ట్రంకుపెట్టె వెతికితే తాతగారి దస్తావేజు దొరికింది. 1936కి ముందుది, అంటే ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిది. మొత్తం తెలుగులోనే.

"ఈ జిలేబీలు ఎవరు చదువుతారు?" అన్నాడు. వాళ్లదీ గుండ్రటి లిపే, ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. అందరి ముందూ గట్టిగా చదివి ఒడియాలో చెప్పమన్నాడు. బడిపిల్లాడిలా నిలబడి సరిహద్దులతో సహా చదివాను. తూర్పున చెరువు గట్టు, పడమర ఫలానా వారి పొలం... వెనక క్యూలో ఎవరో నవ్వారు. అంతా విని, నోటరీ అనువాదం కావాలన్నాడు! ఆ మాట ముందే చెప్పొచ్చుగా? గడువు నాలుగు రోజులు. టెన్షన్‌తో అన్నం దిగలేదు.

రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరిగారు పుట్టింది ఈ ఊళ్లోనే. 1947లో సిలోన్‌కి మన హైకమిషనర్‌గా వెళ్లారు. ఈ గుమస్తాగారు అప్పుడుంటే గిరిగారినీ పట్టా అడిగేవాడే.

సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకి ఒకటే చెప్తాను. కోచింగ్‌కి డబ్బు కట్టేముందు ఇంట్లో పాత కాగితాలు తీయండి, అనువాదాలు చేయించి పెట్టుకోండి. పైరవీకారుల జోలికి పోకండి, నాకు రెండు వేలు దండగైంది.

ఇక ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు, ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, తర్వాత ఒక విదేశీ భాష. అరబిక్ అడుగుదామనుంది. మామ్మ మాత్రం, "దుబాయ్‌కేనా? మన వీధిలోవాళ్లు పరీక్ష రాయకుండానే వెళ్లార్రా" అంటోంది.