లాగేవాడికేం తెలుసు

భారీ యంత్రాలు మోసే లోబెడ్ ట్రాలీ డ్రైవరు కల్వర్టు ముందు బండి ఆపి దిగాడు. ఇటు నుంచి అటు నడిచాడు, వంగి కింద రాళ్లు ఎలా ఉన్నాయో చూశాడు, చివరికి "నా బండి దీని మీదికి ఎక్కదు. మీ గ్రేడర్నే ఇక్కడికి తెచ్చుకోండి" అనేసి మళ్లీ కేబిన్‌లోకి వెళ్లి పడుకున్నాడు. మేం వచ్చింది పాత క్వారీలో పడి ఉన్న గ్రేడరు కోసం, అంటే బ్లేడుతో మట్టిరోడ్లు చదును చేసే యంత్రం. డ్రైవర్ని తప్పుపట్టడానికి లేదు. ట్రాలీ, దాని మీద గ్రేడరు, రెండు బరువులూ కలిసి ఎక్కితే ఆ కల్వర్టు ఉంటుందో ఊడుతుందో ఎవరూ పూచీ పడలేరు. అయినా ఒళ్లు మండింది. అంత దూరం వచ్చిందే ట్రాలీ సరాసరి క్వారీలోకి వెళ్తుందన్న ధీమాతో.

అంతకుముందు రాత్రి ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు. హైవే, కునుకు, మళ్లీ హైవే. చెప్పాల్సిందంతా ఆ పాత క్వారీకీ కల్వర్టుకూ మధ్య ఉన్న మట్టిరోడ్డు మీదే జరిగింది. పిల్లలు సైకిలు మీద కాసేపట్లో దాటేసే దారి అది. మాకు పొద్దు వాలింది.

యంత్రం క్యాటర్‌పిల్లర్ నంబర్ 12. 1938లో మొదలైన మోడల్, తర్వాత దశాబ్దాల పాటు మార్పులతో వస్తూ వచ్చింది. పాత యంత్రాలు పోగేసే పిచ్చి నా మిత్రుడిది. నాది ఆ పిచ్చికి తోడు వెళ్లే పిచ్చి. ఇంజిన్ పూర్తిగా బిగుసుకుపోయింది. పెద్ద డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి పక్కనే ఒక చిన్న పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది ఆ కాలపు వాటిలో. దాని కార్బురేటర్ ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. అంటే మా చేతిలో ఉన్నది సుమారు పది టన్నుల ఇనుము, ఆరు టైర్లు, ఒక స్టీరింగు. బ్రేకు పెడల్ తొక్కితే అడ్డేమీ లేకుండా అడుగుకు తగిలింది.

ముందుగా బ్లేడు లేపాలి. అది నేలలో కూరుకుని ఉంది, చుట్టూ గడ్డి కూడా మొలిచింది. ఈ మోడల్లో బ్లేడును ఎత్తేది హైడ్రాలిక్ ఆయిల్ కాదు. ఇంజిన్ శక్తి ఒక గేర్ పెట్టెలోకి వచ్చి, అక్కడి నుంచి పొడవాటి షాఫ్టుల ద్వారా బ్లేడు ఎత్తే వార్మ్ గేర్లకు, అంటే స్క్రూతో తిరిగే పళ్ల చక్రాలకు, చేరుతుంది. ఇంజిన్ చచ్చిందంటే లివర్లన్నీ ఉత్త అలంకారం. కానీ ఆ షాఫ్టును పైపు రెంచితో పట్టి చేత్తో తిప్పవచ్చు. తిప్పాం. రెంచి అరచుట్టు తిరిగితే బ్లేడు కదిలిందో లేదో కంటికి ఆనదు. ఒకడు తిప్పుతుంటే ఇంకొకడు చేతులు దులుపుకోవడం, ఇలా వంతులవారీగా బ్లేడు రెండు చివర్లూ లేచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్క ఊరట, వార్మ్ గేరులో స్క్రూ చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం స్క్రూని తిప్పలేదు. ఎత్తిన బ్లేడు ఎత్తినట్టే ఉంటుంది, దారిలో దిగదు. తర్వాత బ్లేడు ఉన్న పెద్ద వలయాన్ని కూడా అలాగే తిప్పి, దాని చివరలు టైర్ల వెడల్పు దాటి బయటికి రాకుండా సర్దాం.

హైడ్రాలిక్ గ్రేడరైతే ఈ చాకిరీ ఉండదుగా అని నేను గొణిగితే మిత్రుడు నవ్వాడు. దానికి ఉండే తలనొప్పులు దానికి ఉంటాయట. పాత ఆయిల్ సీళ్ల మీద నమ్మకం పెట్టుకోకూడదు కాబట్టి బ్లేడును గొలుసులతో ఫ్రేముకు కట్టాలి. స్టీరింగు కూడా పూర్తిగా హైడ్రాలిక్ అయితే సిలిండర్లో ఆయిల్ ఎటూ పోలేక చక్రాలు బిగుసుకుంటాయి. అప్పుడు లాగే ట్రాక్టర్ నుంచి గొట్టాలు తెచ్చి గ్రేడర్ స్టీరింగుకు ఆయిల్ అందించాలి. లేదంటే సిలిండర్ రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపి చక్రాలను వదిలేయాలి, కానీ అప్పుడు వాటిని తిప్పే నాథుడు ఉండడు. ఆస్టిన్-వెస్టర్న్ కంపెనీ గ్రేడర్లలో వెనక చక్రాలూ తిరిగేవి ఉన్నాయి, వాటిని ముందు తిన్నగా పెట్టి పిన్ను వేయాలి. ఇవన్నీ విన్నాక పైపు రెంచే నయమనిపించింది.

లాగడానికి పక్క పని దగ్గర నుంచి ఒక వీల్ లోడర్, అంటే ముందు తొట్టితో మట్టి ఎత్తే చక్రాల యంత్రం, దొరికింది. గొలుసు వద్దు, రెండు బండ్లనూ కలిపే ఇనుప కడ్డీ, టో బారే కావాలని మిత్రుడు పట్టుబట్టాడు. బ్రేకుల్లేని బండిని గొలుసుతో లాగితే, ముందు బండి ఆగిన క్షణంలో వెనకది వచ్చి దాని వీపెక్కుతుంది. బార్‌ను తగిలించింది కూడా ముందు ఫ్రేము మూతికే. చక్రాలను కలిపే టై రాడ్డు చేతికి అందుబాటులో ఉంది కదా అని దానికి తగిలిస్తే వంగి ఊరుకుంటుంది.

గేర్ లివరు న్యూట్రల్లో ఉన్నట్టు కనిపించడం వేరు, లోపల గేర్లు నిజంగా విడిపోవడం వేరు. అందుకని లోడర్‌తో జానెడు లాగించి వెనక టైర్ల వైపు చూశాం. తిరగకుండా మట్టిని గీరాయి. కింద పడుకుని, లివరు కింది మూత విప్పి, గేర్లను జరిపే తుప్పు పట్టిన ఫోర్కును సుత్తితో మెల్లగా తట్టి వెనక్కి నెట్టాం. రెండోసారి లాగినప్పుడు టైర్లు తిరిగాయి. రెండు పక్కలా వెనక టైర్లను జతగా తిప్పే టాండెం పెట్టెల్లో చెయిన్లు గరగరమన్నాయి. ఆ పెట్టెల్లో ఆయిల్ ఉందో లేదో ముందే చూసి పోశాం. ఎండిన చెయిన్లతో ఇంత బరువును లాగడమంటే వాటిని చేతులారా అరగదీయడమే.

"నువ్వు పైకెక్కు, ఊరికే స్టీరింగు పట్టుకో" అన్నాడు లోడర్ డ్రైవరు. ఊరికే అన్న ఆ మాట దగ్గరే నాకు కోపం మొదలైంది.

ఈ గ్రేడర్ మీద కూర్చుని నడపడం కష్టం, ఆ కాలపు ఆపరేటర్లు చాలామంది నిలబడే నడిపేవారు. ముందు చక్రాలు నా కాళ్ల దగ్గర లేవు, నాలుగైదు మీటర్ల అవతల ఉన్నాయి. స్టీరింగు తిప్పితే ముందు కొంత దూరం ఏమీ జరగదు. అరిగిపోయిన కీళ్లలోని వదులంతా ఒక్కొక్కటిగా బిగుసుకున్నాక అప్పుడు చక్రం కదులుతుంది. కదిలాక మళ్లీ వెనక్కి తేవడానికి అదే తతంగం. ఇంజిన్ మోత లేదు కాబట్టి ఆ కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి టక్కుమనడం కూడా వినిపిస్తుంది. చేతుల్లో బలం లేనివాడు నాలుగు మలుపులకే చాలు బాబోయ్ అంటాడు.

ఇంకో భయం. ముందు టైరుకు రాయి తగిలినప్పుడల్లా స్టీరింగు దానంతట అది గిర్రున వెనక్కి తిరుగుతుంది. బొటనవేళ్లు కమ్మీల మధ్య పెడితే విరిగిపోతాయని మిత్రుడు ముందే చెప్పాడు కాబట్టి, అన్ని వేళ్లూ చక్రం పైఅంచునే ఉంచి అరచేతులతో తిప్పుకుంటూ వచ్చాను. లోడర్ డ్రైవరేమో వెనక్కి చూడడం దండగనుకునే రకం. పిడికిలి పైకెత్తితే ఆగాలని ఒప్పందం చేసుకున్నాం, కానీ చూసేవాడుంటేగా! మిత్రుడు పక్కన దూరంగా నడుస్తూ, నేను పిడికిలి ఎత్తగానే ఈల వేసి ఆపించేవాడు.

మొదటి మలుపులో నాకు అర్థం కాని సంగతి ఒకటి జరిగింది. స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పినా గ్రేడరు తిన్నగానే పోతానంటోంది. ముందు టైర్లు మట్టిని పక్కకు దున్నుకుంటూ జారుతున్నాయి. టో బార్ పిన్ను దగ్గర కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది. ఆపాం.

అప్పటికి రోడ్డు పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలీదు. ఇలాంటి చోట చేరే సలహాదారుల మీద నాకు ఎప్పుడూ చిరాకే, తలా ఒకటి చెప్పి వెళ్లిపోతారు. ఈయన మాత్రం ఏమీ చెప్పకుండా తిన్నగా ముందు చక్రాల దగ్గరికి వెళ్లి, మోకాలి మీద కూర్చుని, చక్రాలను పక్కకు వాల్చే అడ్డ కడ్డీని చేత్తో తడిమాడు. తర్వాత నా వైపు తలెత్తి, "ఇది నడిపినవాణ్ణే బాబూ" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఆ కాలపు గ్రేడర్లలో చాలావాటికి వెనక డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు పక్కల చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక, ఉండదు. నాలుగు వెనక టైర్లూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి అవి తిన్నగానే పోవాలని చూస్తాయి. ముందున్న రెండు టైర్లు వాటితో పోట్లాడి బండిని తిప్పాలి. వట్టి స్టీరింగుతో ఆ పోట్లాట గెలవడం కష్టం. అందుకే ముందు చక్రాలను వాల్చుతారు. ఎడమకు తిరగాలంటే రెండు చక్రాల తలలూ ఎడమకు ఒరగాలి. అప్పుడు టైరు జారకుండా మట్టిని పట్టుకుంటుంది.

"ఆ వాల్చేది కూడా ఇంజిన్ శక్తితోనే కదండీ" అన్నాను.

"బ్లేడు దేనితో లేపారు?"

పైపు రెంచి మళ్లీ బయటికొచ్చింది. బండి పూర్తిగా ఆగి, లోడర్ బ్రేకు వేసి ఉన్నాకే ఎవరైనా చక్రాల దగ్గరికి వెళ్లాలని పెద్దాయన గట్టిగా చెప్పాడు. ఆయనే షాఫ్టు పట్టుకుని తిప్పాడు, వయసు చూస్తే తిప్పగలడనిపించదు. చక్రాలు నెమ్మదిగా ఎడమకు ఒరిగాయి. తర్వాత నాకు ఇంకో మాట: "స్టీరింగు నీకు తోచినట్టు తిప్పకు. నీ ముందు చక్రాలు ఎప్పుడూ లోడర్ వెనక కొక్కెం వైపే చూడాలి. అవి ఒకవైపు, బార్ ఇంకోవైపు లాగితే విరిగేది బారే."

మలుపు తిరిగాం. అంత పెద్ద యంత్రం అంత సాఫీగా తిరగడం చూసి నాకు నోట మాట రాలేదు. తిరిగాక మళ్లీ ఆగి, చక్రాలు నిటారుగా పెట్టి, మళ్లీ బయల్దేరాం. ప్రతి మలుపు దగ్గరా ఇదే తంతు. లోడర్ డ్రైవరు ప్రతిసారీ వాచీ చూసుకున్నాడు.

కల్వర్టుకు ముందు రోడ్డు దిగుడుగా ఉంది. అక్కడ వెనక ఒక ట్రాక్టర్‌ను తెచ్చి వైరు రోప్‌తో కట్టారు, లాగడానికి కాదు, ఆపి పట్టుకోవడానికి. అది వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఖాళీలో పెద్దాయన పాత రోజుల్లోకి వెళ్లాడు, ఆయన ఎత్తిన కథకు మా మిత్రుడు సంవత్సరాలు అతికించాడు. గ్రేడరు పుట్టిందే లాగించుకోవడానికట. ముందు గుర్రాలో ట్రాక్టరో, వెనక వేదిక మీద నిలబడి చేతి చక్రాలతో బ్లేడు ఎత్తుతూ దించుతూ ఒక మనిషి. వాలే చక్రాల ఆలోచన ఇండియానాలోని జె.డి.ఆడమ్స్‌ది, 1885 నాటిది. 1919లో రస్సెల్ కంపెనీ ట్రాక్టర్‌నే గ్రేడర్‌లో కలిపేసింది, 1928లో క్యాటర్‌పిల్లర్ ఆ కంపెనీని కొనేసింది, 1931లో ఆటో పాట్రోల్ పేరుతో ఇంజిన్ వెనకున్న యంత్రం వచ్చింది. మాది దాని తర్వాతి తరం. అంటే ఆ పూట మేం చేస్తున్నది తాతల కాలం నాటి పనే. అప్పటి మనిషికి ముందు గుర్రాలైనా కనిపించేవి, నాకు లోడర్ వెనక భాగం తప్ప ఏమీ లేదు.

దిగుడు మీద ఎవరూ మాట్లాడలేదు. బిగిసిన వైరు రోప్ దగ్గర నిలబడకూడదని, తెగితే అది కొరడాలా కొడుతుందని పెద్దాయన అందరినీ దూరం తోలాడు. ముందు లోడరు అడుగులో అడుగు వేసింది, వెనక ట్రాక్టరు పళ్లు బిగించినట్టు పట్టుకుంది. మధ్యలో నేను. నిజం చెప్పాలంటే టెన్షన్‌తో అరచేతులు జారాయి, చొక్కాకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. కల్వర్టు మీద ముందు చక్రాలు ఎక్కినప్పుడు కింద నుంచి ఒక బోలు చప్పుడు వచ్చింది. గోడలకు రెండు పక్కలా ఖాళీ మూరెడు కూడా లేదు. నా చూపంతా కొక్కెం మీదే.

దాటాక పెద్దాయన చేసిన మొదటి పని టాండెం పెట్టెల మీద అరచెయ్యి ఆనించి చూడడం. వేడెక్కలేదు. తల ఊపాడు. లోడర్ డ్రైవరు దిగి ఒళ్లు విరుచుకుని, "హాయిగా కూర్చుని వచ్చావుగా" అన్నాడు నాతో.

ట్రాలీ మీదికి విన్చితో, అంటే తాడు చుట్టుకుంటూ లాగే డ్రమ్ముతో, లాగాలి, అప్పుడూ స్టీరింగు పట్టేవాడు కావాలి. నా చేతులు లేవడం లేదన్నాను, అది అబద్ధం కాదు. మిత్రుడు లోడర్ డ్రైవరు వైపు చూశాడు. ఆయన ఎక్కాడు. విన్చి బిగుసుకుని, ముందు టైరు ర్యాంపు అంచుకు తగిలి, స్టీరింగు ఒక్కసారి వెనక్కి గిరాటు కొట్టగానే, "ఆపండాపండి! కాస్త నెమ్మదిగా లాగండయ్యా!" అని కేక పెట్టాడు. పెద్దాయన ఆ పక్కకు వెళ్లి, బొటనవేళ్లు బయట పెట్టుకొమ్మని చెప్పాడు.

ఎక్కించాక బ్లేడు కింద దుంగలు పెట్టి, ఫ్రేము నాలుగు మూలలా గొలుసులు బిగించేసరికి చీకటి పడింది. ట్రాలీ డ్రైవరు తనకు నచ్చేదాకా ఒక్కో గొలుసునీ కాలితో తన్ని చూసి, అప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేశాడు.